సందేహాలు - సమాధానాలు: ‘ఆస్క్’తో అవస్థలు

ఈసారి ఉత్తరాల్లో జంషెడ్‌పూర్ నుంచి వచ్చినవే ఎక్కువ. అన్నీ ఇంగ్లీషులో అడగడానికి వాడే ఒకే ఒక్క క్రియ గురించి: ఆస్క్. దాని చుట్టాలు ఎంక్వైర్, క్వశ్చన్, ఇంటరాగేట్ కూడా వెంట వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికని వెళ్లి, అక్కడే రెండు మూడు తరాలుగా ఉండిపోయిన కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పక్కింట్లో బెంగాలీయో ఒడియాయో, బళ్లో ఇంగ్లీషు. అందుకే వాళ్ల ఇంగ్లీషులో తప్పు దొర్లితే అది ఏ భాష నుంచి వచ్చిందో ముందు పోల్చుకోవాలి, దిద్దడం తర్వాత. ఇంగ్లీషులో తప్పులకు తెలుగే కారణమనుకునేవాళ్లు కింది సమాధానాలు కాస్త ఓపిగ్గా చదవాలి.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. “టీచర్ ఆస్క్‌ట్ టు మీ” అని ఒకసారి, “ఆస్క్‌ట్ ఫ్రమ్ మీ” అని ఒకసారి రాస్తాడు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ మొదటికే వస్తున్నాడు. ఏది సరైనది?
— గృహిణి, కద్మా

రెండూ కావమ్మా. “టీచర్ ఆస్క్‌ట్ మీ” అంటే చాలు. ఆస్క్ పక్కన అడిగించుకున్న మనిషిని నేరుగా పెట్టాలి. మధ్యలో టు, ఫ్రమ్ అక్కర్లేదు.

మీ అబ్బాయి చేత ఈ తప్పు చేయిస్తున్నది హిందీ. హిందీలో “ముఝ్‌సే పూఛా” అంటారు. ఆ ‘సే’ని వదల్లేక ఒకసారి ఫ్రమ్‌గా, ఒకసారి టుగా మారుస్తున్నాడు. తెలుగులో మనం “నాతో అడిగారు” అనం, “నన్ను అడిగారు” అంటాం. బెంగాలీలో ‘ఆమాకే’, ఒడియాలో ‘మోతే’ కూడా ఇదే పద్ధతి. అంటే మీ వీధిలో వినిపించే భాషల్లో హిందీ ఒక్కటే ఇక్కడ దారి తప్పిస్తోంది. రాసేముందు వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకోమనండి. ‘నన్ను’ వస్తే మీ, ‘అతన్ని’ వస్తే హిమ్, ‘వాళ్లని’ వస్తే దెమ్. మధ్యలో ఇంకేమీ పెట్టకూడదు.

ఇంకో సుఖం కూడా ఉంది. “నన్ను ఒక ప్రశ్న అడిగారు” అనే వాక్యంలో మనిషీ ప్రశ్నా రెండూ కర్మలే. ఇంగ్లీషులోనూ అంతే: “దే ఆస్క్‌ట్ మీ ఎ క్వశ్చన్.” దీన్ని కర్మణిలోకి మారిస్తే “ఐ వజ్ ఆస్క్‌ట్ ఎ క్వశ్చన్” అవుతుంది. “ఎ క్వశ్చన్ వజ్ ఆస్క్‌ట్ టు మీ” అని రాయకూడదు. టు కావలసిన క్రియలు వేరే ఉన్నాయి: “సెడ్ టు మీ”, “ఎక్స్‌ప్లెయిన్‌డ్ టు మీ”. టెల్, ఆస్క్ మాత్రం టు లేకుండానే నడుస్తాయి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి వాడి బల్ల దగ్గర అతికించండి.

ఉద్యోగం ఇంటర్వ్యూలో నేను “హి ఆస్క్‌ట్ మీ దట్ వేర్ డు యూ లివ్” అన్నాను. ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయని బయటికొచ్చాక స్నేహితుడు చెప్పాడు. నాకు ఒక్కటి కూడా కనిపించలేదు.
— ఇంజినీరింగ్ విద్యార్థి, ఆదిత్యపూర్

మీ స్నేహితుడి లెక్క సరిగ్గానే ఉంది. సరైన వాక్యం: “హి ఆస్క్‌ట్ మీ వేర్ ఐ లివ్‌డ్.” ఒక్కో తప్పే చూద్దాం.

మొదటిది ‘దట్’. ఇది హిందీ ‘కి’ నుంచి రావచ్చు, మన ‘అని’ నుంచీ రావచ్చు. ఇంగ్లీషులో ఆస్క్ తర్వాత ప్రశ్న వస్తే దట్‌కి అక్కడ పని లేదు. వేర్, వెన్, వై, హౌ లాంటి మాట ఉంటే అదే రెండు వాక్యాలనూ కలిపేస్తుంది.

రెండోది మాటల వరస. “వేర్ డు యూ లివ్” అనేది నేరుగా అడిగే ప్రశ్న. దాన్ని ఇంకో వాక్యంలో పొదిగితే అది ప్రశ్న రూపం వదిలేస్తుంది. ‘డు’ పోయి కర్త ముందుకొస్తుంది. ఇక్కడ మన ‘అని’ మోసం చేస్తుంది. “నువ్వెక్కడుంటావని అడిగాడు” అన్నప్పుడు అతను అన్న ప్రశ్నని ఉన్నదున్నట్టు లోపల పెట్టేస్తాం. అదే అలవాటు ఇంగ్లీషులోకీ పాకుతుంది.

దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. ‘అని’ తీసేసి, క్రియ చివర ‘ఓ’ చేర్చి చూడండి. “నేనెక్కడుంటానో అడిగాడు.” ఇందులో ప్రశ్న కరిగిపోయింది, నువ్వు నేనుగా మారింది. ఇంగ్లీషుకు కావలసిన ఆకారం సరిగ్గా ఇదే. “స్టేషన్ ఎక్కడుందో అడుగు” అంటే “ఆస్క్ వేర్ ది స్టేషన్ ఈజ్.” “బండి ఎప్పుడొస్తుందో కనుక్కో” అంటే “ఫైండ్ అవుట్ వెన్ ది ట్రెయిన్ ఈజ్ కమింగ్.” “ఎందుకు రాలేదో అడిగాను” అంటే “ఐ ఆస్క్‌ట్ వై హి హ్యాడ్‌నాట్ కమ్.” వాక్యం ‘ఓ’లో ఇమిడితే తిరగేసిన వరస రాయకండి. ‘అని’తోనే చెప్పాలనుకుంటే అన్న మాటల్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. అప్పుడు అసలు ప్రశ్న అలాగే ఉండిపోవచ్చు.

అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్న అయితే ఇఫ్ గానీ వెదర్ గానీ పెట్టాలి. “వస్తావా అని అడిగింది” అనేది “షి ఆస్క్‌ట్ ఇఫ్ ఐ వుడ్ కమ్” అవుతుంది. “వస్తాడో రాడో అడుగు” అన్నప్పుడు రెండు ‘ఓ’లు వస్తే వెదర్ బాగా అతుకుతుంది.

మూడోది కాలం, పురుష. ఆస్క్‌ట్ భూతకాలం కాబట్టి లివ్ కాస్తా లివ్‌డ్ అవుతుంది, యూ కాస్తా ఐ అవుతుంది. ఇలాంటి వాక్యం చివర ప్రశ్నార్థకం గుర్తు పెట్టకూడదు. మీరు ప్రశ్న అడగడం లేదు, అడిగిన సంగతి చెబుతున్నారు. “కెన్ యూ టెల్ మీ వేర్ ది ఆఫీస్ ఈజ్?” అన్నప్పుడు గుర్తు ఉంటుంది కానీ అది ‘కెన్ యూ’కి చెందినది. ఐర్లండ్‌లో మామూలు మాటల్లో తిరగేసిన వరస వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఆ సాకు చెల్లదు.

ఆస్క్ తర్వాత ఫర్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు మానాలి? నాకు ఎప్పుడూ గజిబిజే.
— కిరాణా వ్యాపారి, సాక్చి

హిందీలో పూఛ్‌నా వేరు, మాంగ్‌నా వేరు. తెలుగులో రెండింటికీ ‘అడగడం’ ఒక్కటే: దారి అడుగుతాం, అప్పూ అడుగుతాం. ఇంగ్లీషులోనూ రెండింటికీ ఆస్కే, తేడా ఫర్‌తో తెలుస్తుంది. సమాచారం కావాలంటే ఫర్ లేదు, వస్తువో సాయమో కావాలంటే ఫర్ ఉంటుంది.

టైమ్ అనే మాటతో ఇది బాగా తెలుస్తుంది. “హి ఆస్క్‌ట్ మీ ది టైమ్” అంటే గంటెంతయిందని అడిగాడు. “హి ఆస్క్‌ట్ మీ ఫర్ టైమ్” అంటే బాకీ తీర్చడానికి గడువు అడిగాడు. మీ కొట్టుకి ఈ రెండు రకాల వాళ్లూ వస్తూనే ఉంటారు కదా!

“ఆస్క్ ది ప్రైస్” అంటే కొనేవాడు ధర అడగడం. అమ్మేవాడు చెప్పే ధర ‘ఆస్కింగ్ ప్రైస్’. ఇక్కడ ఆస్క్‌కి కోరడమనే అర్థం. క్రికెట్‌లో ‘ఆస్కింగ్ రేట్’ కూడా ఇలాంటిదే, గెలవడానికి ఓవర్‌కి ఇన్ని పరుగులు కావాలని లెక్క కోరుతోందన్నమాట. 1983లో మీ కీనన్ స్టేడియంలో వన్డే మ్యాచ్‌లు మొదలైన దగ్గర్నుంచీ ఆ మాట మీ ఊరివాళ్లకు కొత్త కాదు.

పర్మిషన్, ఫేవర్ అనేవి ఫర్ లేకుండానూ వస్తాయి: “ఆస్క్ పర్మిషన్”, “ఆస్క్ హిమ్ ఎ ఫేవర్”. మనుషుల విషయంలో జాగ్రత్త. “ఆస్క్ ఫర్ ది డాక్టర్” అంటే డాక్టరుతో మాట్లాడాలనడం. “ఆస్క్ అబౌట్ ది డాక్టర్” అంటే ఆయన గురించి ఆరా తీయడం. “ఆస్క్ ఆఫ్టర్ ది డాక్టర్” అంటే ఆయన ఆరోగ్యం ఎలా ఉందని కుశలమడగడం. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఈ మూడింటినీ కలిపేస్తే రోగిని చూడడానికి వెళ్లినవారిని డాక్టరు గది ముందు కూర్చోబెడతారు.

ఒక కాంట్రాక్టు సంస్థలో సిబ్బంది విభాగంలో పనిచేస్తున్నాను. చార్జిషీటు తర్వాత రాసే లెటర్లో “వి విల్ ఎంక్వైర్ హిమ్” అని రాశాను. పై అధికారి కొట్టేశారు. పైగా ఎంక్వైరీకి ముందు ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ పెట్టాలా, ‘ఐ’ పెట్టాలా అన్నది ఇద్దరికీ తేలలేదు.
— ఉద్యోగి, గోల్‌మురి

ముందు కొట్టేసిన మాట సంగతి. ఎంక్వైర్ పక్కన ఆస్క్‌కి లాగా మనిషిని పెట్టకూడదు. “ఎంక్వైర్ అబౌట్ హిమ్” అనొచ్చు, కాస్త పాతకాలపు మర్యాదలో “ఎంక్వైర్ ఆఫ్ హిమ్” అనొచ్చు, “ఎంక్వైర్ ఇంటు ది మ్యాటర్” అనొచ్చు. ఆ ఉద్యోగిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే “వి విల్ క్వశ్చన్ హిమ్”. అతని మీద వచ్చిన ఆరోపణను విచారిస్తే “యాన్ ఎంక్వైరీ విల్ బి హెల్డ్ ఇంటు ది చార్జ్”. మీ లెటర్‌కి ఈ రెండోదే తగింది.

ఇక అక్షరం. బ్రిటిష్ వాళ్లలో చాలామంది మామూలు ఆరాకి ‘ఈ’, అధికారిక విచారణకి ‘ఐ’ వాడతారు. అమెరికాలో రెండింటికీ ‘ఐ’ వాడకమే ఎక్కువ. మన దేశంలో రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. టాటానగర్ స్టేషన్లో బండి సంగతి కనుక్కునే కౌంటర్‌కి ‘ఈ’. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం పేరులో ‘ఐ’. మీ ఊళ్లో 1979 ఏప్రిల్‌లో జరిగిన అల్లర్ల మీద పట్నా హైకోర్టు మాజీ న్యాయమూర్తి జితేంద్ర నారాయణ్ అధ్యక్షతన వేసింది కూడా ‘కమిషన్ ఆఫ్ ఇంక్వైరీ’నే. కర్మాగారాల్లో క్రమశిక్షణ విచారణని మాత్రం ‘డొమెస్టిక్ ఎంక్వైరీ’ అని ‘ఈ’తో రాయడమే అలవాటు. ఇంట్లో విచారణ అని దానర్థం కాదు, కోర్టుకు వెళ్లకుండా సంస్థ తనంతట తాను జరిపేదని. కాబట్టి మీ సంస్థ స్టాండింగ్ ఆర్డర్లలో ఏ అక్షరం ఉంటే అదే రాయండి. ఒకే ఫైల్లో రెండూ కలపకండి.

అడగడానికి తెలుగులో మనకూ మాటలు తక్కువ లేవు. వాటిని జతలుగా పెట్టుకుంటే సరైన ఇంగ్లీషు మాట తడుతుంది. వాకబు చేయడం, ఆరా తీయడం అంటే ఎంక్వైర్ అబౌట్. విచారణ జరపడం అంటే ఇంక్వైర్ ఇంటు. దర్యాప్తు చేయడం అంటే ఇన్వెస్టిగేట్. నిలదీయడం, సందేహించి ప్రశ్నించడం అంటే క్వశ్చన్. పోలీసులు గుచ్చి గుచ్చి అడగడం అంటే ఇంటరాగేట్. ఆడిటర్ బిల్లు మీద అభ్యంతరం చెబితే క్వెరీ. వీటిలో కొన్నిటి మధ్య గీత చట్టమే గీసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసులు చేసేది ఇన్వెస్టిగేషన్, మేజిస్ట్రేటో కోర్టో చేసేది ఇంక్వైరీ. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఆ తేడాని అలాగే ఉంచింది. సంస్థ లెటర్లో ఇంటరాగేట్ అని పొరపాటున కూడా రాయకండి. చదివినవాడికి లాకప్ గుర్తొస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తులో “ఐ వాంట్ టు ఆస్క్ వై మై ఫైల్ వజ్ డిలేయ్‌డ్” అని రాశాను. ఇది సమాచారం కిందికి రాదని ఒక ఆఫీసు నుంచి జవాబొచ్చింది. నా ఇంగ్లీషు తప్పా?
— రిటైర్డ్ ఉద్యోగి, సోనారి

ఇంగ్లీషు తప్పు కాదండీ. వాక్యం బాగానే ఉంది, ‘వై’ తర్వాత వరస కూడా తప్పలేదు. చిక్కంతా అడిగిన పద్ధతిలో ఉంది. 2005 చట్టం ఇచ్చేది ఆఫీసు దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్న సమాచారం. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకి జవాబు తయారుచేసి ఇవ్వాలన్న బాధ్యత దాని ప్రకారం లేదని బొంబాయి హైకోర్టు గోవా బెంచి 2008లో చెప్పింది. లేని సమాచారాన్ని కొత్తగా కూర్చి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పింది.

అందుకని ఆస్క్ వదిలేసి ‘ప్రొవైడ్’ పట్టుకోండి. “ప్లీజ్ ప్రొవైడ్ కాపీస్ ఆఫ్ ది నోట్ షీట్స్ ఆఫ్ మై ఫైల్”, “ప్లీజ్ ప్రొవైడ్ ది డేట్స్ ఆన్ విచ్ ఇట్ మూవ్‌డ్ ఫ్రమ్ వన్ డెస్క్ టు అనదర్.” కాగితాలు చేతికొచ్చాక ఎందుకు ఆలస్యమైందో వాటిలోనే కనిపిస్తుంది. దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ పెట్టొచ్చు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

మీరు కిందటి సంచికలో ‘ఆస్క్‌ట్’ అని రాశారు. మా బళ్లో అందరం ‘ఆస్కెడ్’ అనే చెబుతాం. పిల్లలకి ఏది నేర్పాలి? ‘ఆక్స్’ అనేవాళ్లని ఏమనాలి?
— టీచర్, టెల్కో కాలనీ

ఆస్క్‌ట్ అనే నేర్పండి. భూతకాలపు ‘ఈడీ’ విడిగా ‘ఎడ్’ లాగా పలికేది క్రియ చివర ట, డ శబ్దాలు ఉన్నప్పుడే: వాంటెడ్, నీడెడ్, రిక్వెస్టెడ్. క, ప, స, చ లాంటి శబ్దాలుంటే అది ‘ట్’ అవుతుంది: టాక్‌ట్, హెల్ప్‌ట్, ఆస్క్‌ట్. మిగిలినచోట్ల ‘డ్’: ఎంక్వైర్‌డ్, కాల్‌డ్. మన నోటికి మూడు హల్లులు వరసగా పలకడం కష్టం. మధ్యలో అచ్చు చేర్చుకుంటాం. వేగంగా మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా మధ్య ‘క’ని మింగేసి ‘ఆస్ట్’ అనేస్తారు. కాబట్టి పిల్లల్ని మరీ వేధించకండి.

‘ఆక్స్’ అనేవాళ్లని ఏమీ అనకండి. పాత ఇంగ్లీషులో ఈ క్రియకి రెండు రూపాలూ ఉండేవి. 14వ శతాబ్దంలో ఛాసర్ రాసినదాంట్లో, 1535లో వచ్చిన కవర్‌డేల్ బైబిల్లో ‘ఆక్స్’ రూపం కనిపిస్తుంది. ఇప్పుడు ప్రామాణికంగా చెల్లుతున్నది మాత్రం ఆస్క్. పరీక్షలకి అదే రాయించండి.

క్లాసులో “ఐ హావ్ ఎ డౌట్” అంటే ముంబయి నుంచి వచ్చిన స్నేహితురాలు నవ్వింది. ప్రాజెక్టు మీటింగులో ఆమే “వాట్ ఈజ్ ది ఆస్క్?” అంది. అప్పుడు నేను నవ్వాలా?
— మేనేజ్‌మెంట్ విద్యార్థిని, బిష్టుపూర్

ఇద్దరూ నవ్వడం మానేయండి. మన ‘సందేహం’ అంటే తెలియక అడిగే ప్రశ్న. ఇంగ్లీషు ‘డౌట్’లో అపనమ్మకం ఎక్కువ. పాఠం చెప్పిన ఆయనతో “ఐ హావ్ ఎ డౌట్” అంటే మీరు చెప్పింది నమ్మశక్యంగా లేదన్నట్టు విదేశీయులకి వినిపించొచ్చు. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ల ముందు “ఐ హావ్ ఎ క్వశ్చన్” అనండి. “ఆస్క్ ఎ డౌట్” అని మాత్రం అనకండి.

ఆమె అన్న ‘ది ఆస్క్’లో క్రియ నామవాచకమైంది. ఆస్ట్రేలియా ఆటల వార్తల్లో కష్టమైన లక్ష్యాన్ని ‘బిగ్ ఆస్క్’ అనడంతో అది బాగా వ్యాపించి ఆఫీసుల్లోకి వచ్చింది. మీటింగులో చెల్లుతుంది, పరీక్ష వ్యాసంలో చెల్లదు.

బాబూ, మా మనవడు ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడవుతుందని కోడలు అంటోంది. మానిపించమంటావా?
— ఓ అమ్మమ్మ, మానగో

వద్దమ్మా. కోడలికి ఈ పేజీ చదివి వినిపించండి. ‘నన్ను అడిగాడు’ అనడం వచ్చిన పిల్లాడు ‘ఆస్క్‌ట్ టు మీ’ అనడం మానేస్తాడు. ‘ఎక్కడుందో’ అనడం వచ్చినవాడికి ‘వేర్ ఇట్ ఈజ్’ తేలిగ్గా పట్టుబడుతుంది. అసలు ఇబ్బంది తెలుగు కొంచెమే వచ్చి, ‘అని’ దగ్గరే ఆగిపోయిన పిల్లలకి.

రేపట్నుంచి ఒక పని చేయండి. “మామయ్య ఎప్పుడొస్తాడో అడుగు”, “బజారు తెరిచారో లేదో కనుక్కో” అంటూ వాడి చేత ఫోన్లు చేయించండి. ఏమడిగాడో ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెప్పించుకోండి. “వెన్ హి ఈజ్ కమింగ్” అంటే శభాష్ అనండి. “వెన్ ఈజ్ హి కమింగ్” అంటే “ఎప్పుడొస్తాడో అని చెప్పరా” అని మళ్లీ తెలుగు దగ్గరికి తీసుకెళ్లండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, ఈ పాఠంలో టీచరు మీరే.